శుక్రవారంలో ఇరుక్కున్న మాచర్ల బస్సు

కాటా ప్రదీప్‌కు ఇరుక్కోవడం కొత్త కాదు. ఈపూరులో చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడుతూ మేనమామ పత్తి కొట్టంలో దూరాడు. ఎవరూ వెతకడానికి రాకపోయేసరికి మెత్తగా ఉందని నిద్రపోయాడు. కూలీలు చూసుకోకుండా పత్తితో పాటు అతన్నీ గోనె బోరెంలో వేసి తొక్కి, మూతి కుట్టి, లారీ ఎక్కించారు. గుంటూరు మార్కెట్టులో ఆ బోరెం తుమ్మిందనీ, బేరగాడు బెదిరిపోయి అడిగిన ధర ఇచ్చేశాడనీ ఊళ్ళో ఇప్పటికీ చెబుతారు. అదంతా అబద్ధం. లారీ నరసరావుపేట దాటకముందే తుమ్మాడు.

ఆ తర్వాత ఇరుక్కున్నవేవీ అంత మెత్తగా లేవు. ఇంజనీరింగులో ఇష్టంలేని బ్రాంచిలో ఇరుక్కున్నాడు. హైదరాబాదులో కిటికీ లేని ఆఫీసులో ఇరుక్కున్నాడు. కరోనా రోజుల్లో ఆ ఆఫీసు మూతపడితే తిరిగొచ్చి, నరసరావుపేటలో ఒక పత్తి మిల్లు వేబ్రిడ్జి గదిలో కూర్చున్నాడు. లారీలు కాటా ఎక్కుతాయి, దిగుతాయి, ఎక్కడెక్కడికో వెళ్ళిపోతాయి. కాటా ఎక్కడికీ పోదు. దాని పక్కన కూర్చున్నవాడూ పోడు.

హైదరాబాదు నుంచి అతను వెంట తెచ్చుకున్నది ఒక ఆట. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. గోడ దూకుతానని ఎవరైనా అంటే, దూకగలిగారో కాలు విరిగిందో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. వాళ్ళకు ఎదురుపడే రాజు, దొంగ, పూటకూళ్ళమ్మ, గాడిద అందరి మాటా నడిపేవాడే మాట్లాడాలి. ఒకసారి బల్ల మీద పడ్డ మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. ప్రదీప్ ఆ ఆటను ఆదివారం మధ్యాహ్నాలు నడిపేవాడు. ఆడేవాళ్ళు ఇద్దరు: ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లాబ్ టెక్నీషియన్‌గా చేసే భార్య స్వాతి, వాళ్ళ వాటా కింద కుట్టుమిషన్ల షాపు నడిపే ముంతాజ్.

కథ కాలంలో ప్రయాణం. యంత్రం ఏమిటా అని ఆలోచించి ప్రదీప్ ఎర్రబస్సు పెట్టాడు. నరసరావుపేటలో ఎక్కితే స్టేజీ స్టేజీకీ కాలం వెనక్కి పోతుంది. ముంతాజ్ డ్రైవరు. మొదటి ట్రిప్పులో ధరణికోట దాకా వెళ్ళి, స్తూపానికి రాళ్ళు చెక్కేవాళ్ళతో ముంతాజ్ కొలతల దగ్గర గొడవ పెట్టుకుంది. పాచికల చప్పుడు విని ఎవరో పేకాటని చెబితే ఒక కానిస్టేబులు మెట్లెక్కి వచ్చాడు. విషయం చెబితే నమ్మకుండా, కథలో కోట తలుపు పగలగొట్టే ఘట్టం గుమ్మంలో నిలబడి విన్నాడు. వెళ్ళేటప్పుడు, "ఆ ఏనుగుని ముందుకు తోలించండి సార్, తలుపు అదే విరుగుద్ది" అని సలహా ఇచ్చి మరీ వెళ్ళాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఒక మర్యాదతో మొదలైంది.

స్వాతి తండ్రి కృష్ణయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. ఆదివారం ఆట జరిగేటప్పుడు మూల కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని వినేవాడు. ఒకరోజు పేపరు దించాడు.

"అల్లుడుగారూ, నాకు తెలవక అడుగుతున్నా. మీ బస్సుకి కండక్టరు లేడా?"

"లేడు మావయ్యగారూ."

"మరి డ్రైవరెట్టా తీస్తన్నాడు? రైట్ అననిదే బస్సు కదలకూడదు."

మామగారు అంత మాట అన్నాక ఏ అల్లుడైనా ఏం చేస్తాడు? "అయితే మీరే కండక్టరుగా రండి మావయ్యగారూ. మీరు రైట్ అంటేనే బస్సు కదులుతుంది" అన్నాడు ప్రదీప్. మాట బల్ల మీద పడింది. ముంతాజ్ జరిగి కుర్చీ ఇచ్చింది.

ఆ వారమే ప్రదీప్ బస్సును సాగర్ డ్యాము కడుతున్న రోజుల మాచర్లకు తీసుకుపోయాడు. రెండు ఆదివారాల్లో ముగించి, ఆపైన ముంతాజ్ ఎప్పటినుంచో అడుగుతున్న ఢిల్లీ సుల్తానుల దగ్గరికి వెళ్ళాలని లెక్క. రాళ్ళు మోసే జనం, దుమ్ము, కూలీల గుడిసెలు, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. కృష్ణయ్య అంతా విని, మెల్లగా ఒక కూలీని ఆపాడు.

"ఏమయ్యా, ఇక్కడ కోటయ్యని ఒకడుండాల. ఉన్నాడా?"

కోటప్పకొండ ఉన్న సీమలో ఏ గుంపులో పిలిచినా ఒక కోటయ్య పలుకుతాడు. ప్రదీప్ ఆలోచించకుండా అన్నాడు. "ఉన్నాడు. అదిగో, రాయి దించుతున్నాడు. పిలవమంటారా?"

స్వాతి మొహం పాలిపోయింది. కృష్ణయ్య బల్ల మీదికి వంగాడు.

"ఎట్టా ఉన్నాడు?"

అప్పటికైనా ప్రదీప్ గ్రహించాల్సింది. గ్రహించలేదు. కథ చెప్పేవాడి నోరు ఊరుకోదు కదా. "పొడుగు మనిషి. ఎడమచేతి వాటం. నవ్వితే ఒక కన్ను మూసుకుపోతుంది" అన్నాడు. మనిషిని దగ్గరికి నడిపించి, అతని గొంతుతో, "ఏం పెద్దాయనా, బస్సు చెడిందా?" అని కూడా అనిపించాడు.

కృష్ణయ్య కళ్ళద్దాలు తీశాడు. పైగుడ్డతో వాటిని చానాసేపు తుడుచుకున్నాడు.

ఆట అయ్యాక స్వాతి భర్తను మెట్ల మీదికి లాక్కుపోయింది.

"ఆ కోటయ్య ఎవరనుకున్నారు? మా తాత. నాన్న తండ్రి."

"చిన్నప్పుడే పోయాడన్నారుగా?"

"పోయాడంటే చచ్చిపోయాడని కాదు. పోయాడు, అంతే. డ్యాము పనికెళ్ళాడు. ఒక శనివారం కూలి డబ్బులు తీసుకుని బయల్దేరాడంట. ఇంటికి రాలా. నాన్నకి అప్పుడు అయిదేళ్ళు. ఏటి అవతల ఎవరితోనో ఉన్నాడని ఊరంతా అన్నారు. దారిలో ఏమన్నా అయ్యిందేమోనని నాయనమ్మ. ఆమె చచ్చేదాకా బొట్టు తియ్యలా. తీస్తే ఒక మాట, తియ్యకపోతే ఒక మాట. ఆ మాటలన్నీ వింటా పెరిగాడు మా నాన్న. ఫొటో కూడా లేదు. ఇప్పుడు మీరు కన్ను మూసి నవ్వించారు."

ప్రదీప్ గోడకు చేరబడ్డాడు. బోరెంలో కుట్టేసినప్పుడు కూడా అతనికి అంత గాలి ఆడకుండా పోలేదు.

మరునాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో కృష్ణయ్య ఎదురు కూర్చున్నాడు. "అల్లుడుగారూ, ఆయన అన్నం ఎవరు వండుతారంటారు? ఒక్కడే వండుకుంటాడా?" ఆ తర్వాత రోజు, పాటలేమన్నా పాడతాడా అని. ఇంకోరోజు, కోపం వస్తే ఎట్టా ఉంటాడని. ప్రదీప్ తప్పించుకోలేక ఒక్కో ముక్కా చెప్పేవాడు. కందిపచ్చడంటే ఇష్టమన్నాడు. ఆ వారమంతా ఇంట్లో కందిపచ్చడే. రెంటచింతల దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళి కృష్ణయ్య, "మా నాయన ఎడమచేతి వాటం, మీకెవరికీ తెలవదు" అని పెదనాన్న కొడుకులతో వాదం పెట్టుకుని వచ్చాడు. అక్కడ ఒక ముసలాయన కాసేపు తల గోక్కుని, అవునవును, ఎడంచేత్తోనే కల్లుముంత పట్టేవాడని సాక్ష్యం కూడా చెప్పాడట.

"ఇప్పుడు మీరు మా నాన్నకి నాన్న. అంటే నాకు తాతవుతారు. ఇంట్లో మిమ్మల్నేమని పిలవాలో చెప్పండి" అంది స్వాతి. నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

బస్సును వెనక్కి తెచ్చేద్దామంటే కండక్టరు రైట్ అనడు. "శనివారం కానీండి" అంటాడు. కూలి డబ్బులు తీసుకుని కోటయ్య బయల్దేరే శనివారం. మాచర్ల అవతల దారి చీలే చోట ఆయన ఎటు తిరిగాడో కళ్ళారా చూడాలి. ఇంటి వైపా, ఏటి రేవు వైపా? ఆ ఒక్కటి చూస్తే చాలు, బస్సెక్కి వచ్చేస్తానన్నాడు.

చూపించాల్సింది ప్రదీప్. రేవు వైపు తిప్పితే డెబ్బై ఏళ్ళ మనిషి గుండె మీద తన్నినట్టే. ఇంటి వైపు తిప్పితే మరి ఇల్లు ఎందుకు చేరలేదు? దారిలో చంపాలి. పిల్లనిచ్చిన మామ తండ్రిని ఆదివారం పూట, భార్య ఎదురుగా, ఏ పాముతో కరిపించాలి? పోనీ క్షేమంగా ఇల్లు చేర్చాడనుకుందాం. తండ్రి చేతికింద పెరిగిన కృష్ణయ్య ఆర్టీసీలో చేరకపోవచ్చు, ఆ పెళ్ళి చేసుకోకపోవచ్చు. అదే చెబితే స్వాతి, "నేను పుట్టకుండా పోతాను. మీకు అదే హాయిలెండి" అంది.

అందుకని ప్రదీప్ ఒక ఎత్తు వేశాడు. ఆటలో శుక్రవారం రాత్రి అందరూ గుడిసెలో పడుకున్నారు. తెల్లారింది. బయటికొచ్చి ఏ వారమని అడిగితే శుక్రవారమన్నారు. కాలం ఎక్కడో మెలిక పడిందన్నాడు. దాన్ని విప్పాలంటే గురజాలలో ఒక తాళం, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో ఒక రాయి, ఇంకేదో వెతకాలన్నాడు. తాళం దొరికింది, మళ్ళీ శుక్రవారమే. రాయి దొరికింది, మళ్ళీ శుక్రవారమే. ఆదివారం తర్వాత ఆదివారం, ఆ ముగ్గురూ అదే కోడికూతకు లేచి, అదే కూలీ అదే తుమ్ము తుమ్మడం విని, అదే సంత చూశారు. కోటయ్య రోజూ కొత్తగా, "ఏం పెద్దాయనా, బస్సు చెడిందా?" అని అడిగాడు. కృష్ణయ్య రోజూ, "చెడిందయ్యా" అన్నాడు.

ముంతాజ్‌కు ముందు ఓపిక పోయింది.

"ఏమయ్యా పెదీపూ, ఏంది ఈ నానబెట్టడం? బియ్యమన్నా ఈపాటికి పులిసేయి. నాకు ఢిల్లీ అన్నావ్, సుల్తానన్నావ్. ఇదే సంతలో ఇవే ఎండుమిరపకాయలు చూడలేక చస్తన్నా. ఆయన్ని చంపితే చంపు, బతికిస్తే బతికించు."

"ముంతాజక్కా!" అంది స్వాతి.

"మరేందమ్మా! పెద్దాయన ఉన్నాడని నోరు మూసుకుంటే మన నలుగుర్నీ శుక్రవారంలో పాతిపెట్టేటట్టున్నాడు."

ప్రదీప్ చివరి దారిగా పాచిక తీశాడు. "పెద్ద అంకె పడితే ఇంటి వైపు, చిన్నది పడితే రేవు వైపు. నేను చెప్పినట్టు ఉండదు. మీరే వెయ్యండి మావయ్యగారూ."

కృష్ణయ్య పాచిక ముట్టుకోలేదు. "మా నాయన్ని జూదంలో పెడతారా అల్లుడుగారూ?" అన్నాడు. గొంతు పెంచలేదు. ప్రదీప్ పాచికను జేబులో వేసుకుని, మళ్ళీ కోడిని కూయించాడు.

ఇంట్లో కూడా శుక్రవారమే నడుస్తోంది. పెద్దాయన కాఫీ దగ్గర ప్రశ్నలు మానేశాడు. అది ఇంకా భరించలేకుండా ఉంది. వేబ్రిడ్జి గదిలో కూర్చుంటే అద్దం అవతల లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడి హారన్లు కొడుతుంటే, ప్రదీప్ చేతిలో తూకం చీటీ పెట్టుకుని, మనసులో ఆ దారి చీలికనే చూస్తుండేవాడు. ఒక శనివారం పొద్దున ఆసుపత్రికి పోతూ స్వాతి చెప్పులేసుకుంటూ అంది.

"నాన్న రాత్రి అన్నం ముట్టలా. నన్నడిగాడు, అల్లుడుగారికి దారి తెలిసి చెప్పటంలేదా అని. మిమ్మల్ని దేవుడనుకుంటున్నాడు. రేపు ఆటలో శనివారం తీసుకురండి. ఏదయితే అదవుద్ది."

ఆదివారం వచ్చింది. ముంతాజ్ షట్టరు దించి పైకి వచ్చింది. ప్రదీప్ గ్లాసెడు నీళ్ళు తాగి, "శనివారం తెల్లారింది" అన్నాడు.

కోటయ్య కూలి డబ్బులు తీసుకున్నాడు. సంచి భుజాన వేసుకున్నాడు. మాచర్లలో ఒక కొట్టు ముందు ఆగాడు. అద్దం వెనక పప్పుండలు ఉన్నాయి. పప్పుండలు కొంటే ఇంటికి పోతున్నట్టే. కొనకపోతే ఇంట్లో పిల్లాడు గుర్తు లేనట్టే. కొట్టువాడు లోపల నిద్రపోతున్నాడని చెప్పి ప్రదీప్ కోటయ్యను గబగబా అక్కణ్ణించి తప్పించాడు. ముంతాజ్ బస్సును వెనకే నడిపింది. దారి చీలే చోటు వచ్చింది. ఒకటి రెంటచింతల మీదుగా ఇంటికి. ఒకటి రేవుకు. కోటయ్య అక్కడ ఆగాడు.

"నేను దిగి ఆయన దగ్గరికి పోతన్నా" అన్నాడు కృష్ణయ్య.

"పోయి?"

"అడగతా." కృష్ణయ్య నిటారుగా కూర్చున్నాడు. సర్వీసంతా ఎందర్ని అడిగాడో ఆ గొంతుతోనే, ఎదురుగా అల్లుణ్ణి చూస్తూ అడిగాడు. "యాడికయ్యా?"

ప్రదీప్ నోరు తెరిచాడు. రేవుకని అనలేడు. ఇంటికని అనలేడు. ఏదన్నా అంటే ఆ మాట ఇక ఎన్నటికీ వెనక్కి రాదు. పెళ్ళిళ్ళలో దానికి సాక్షులు పుడతారు. రేపు పిల్లలు పుడితే స్వాతి వాళ్ళకూ అదే చెబుతుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు.

కృష్ణయ్య చానాసేపు ఆ మొహం చూశాడు. మొదట్లో కోటయ్య కోసం చూశాడు. చూసిచూసి, కాసేపటికి అక్కడ ఉన్న అల్లుణ్ణి చూశాడు.

"మీకు తెలవదు గదా అల్లుడుగారూ?"

"తెలవదు మావయ్యగారూ."

"మొదట్నించీ తెలవదు."

"మొదట్నించీ."

"ఎడంచెయ్యి?"

"నేనే అన్నాను."

"కన్ను మూసి నవ్వటం?"

"అదీ నేనే."

"కందిపచ్చడి?"

"మావయ్యగారూ, అది నాకిష్టం."

ముంతాజ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృష్ణయ్య తల ఊపాడు. కోపం రాలేదు. చాలాకాలం బరువు మోసినవాడు దించి, భుజం రుద్దుకున్నట్టు మెడ వెనక రుద్దుకున్నాడు.

"బాగానే పెట్టారు. అవి నేను ఉంచుకుంటా. పెళ్ళిలో ఆ ముసలాడు కూడా ఒప్పుకున్నాడుగా. దారి మాత్రం మీరు పెట్టబాకండి. అది ఆయనది. నాకిన్నేళ్ళుగా తెలవందాన్ని మీ చేత చెప్పిద్దామని చూశా. మీరు మాత్రం యాణ్ణించి తెస్తారు?" లేచి నిలబడ్డాడు. "నేను బస్సెక్కా. ముంతాజమ్మా, రైట్ రైట్."

ముంతాజ్ ఆ బస్సును నరసరావుపేట దాకా ఎక్కడా ఆపకుండా తోలింది.

ఇక్కడితో ప్రదీప్ బయటపడ్డాడని మీరనుకోవచ్చు. అతనూ అనుకున్నాడు. మరుసటి ఆదివారం ఢిల్లీ మొదలుపెట్టాడు. సుల్తాను సింహాసనం మీద కూర్చున్నాడు. ముంతాజ్ కోటగుమ్మం దాటి లోపలికి వచ్చి సలాం చేసింది. సుల్తాను ఏమీ అనలేదు. ప్రదీప్‌కు మాట రావడంలేదు. తలుపులేవీ మూసి లేవు, అయినా అతను మాచర్ల అవతలే ఉన్నాడు. మిగతావాళ్ళందరూ బస్సెక్కి వచ్చేశారు. దారి చీలే చోట, భుజాన సంచితో, ఎండలో ఒక మనిషిని నిలబెట్టి వచ్చాడు. ఇటు కదపడానికి లేదు, అటు కదపడానికి లేదు. తను నిలబెట్టినవాణ్ణి తను విడిచిపెట్టి రాలేకపోతున్నాడు. మిల్లులో ఒక లారీని రెండుసార్లు తూచి డ్రైవరు చేత తిట్లు తిన్నాడు.

రెండు వారాలు అలా గడిచాక, సాయంత్రం స్వాతి చిక్కుళ్ళు ఒలుస్తుంటే పక్కన కూర్చుని చెప్పాడు. కోటయ్య ఇంకా ఆ దారి చీలే చోటే నిలబడి ఉన్నాడని చెప్పాడు. ఏం చెయ్యాలో తోచడంలేదన్నాడు.

స్వాతి తలెత్తకుండానే అంది. "ఇన్నాళ్ళూ నిలబెట్టారా? ఎటూ పంపలేకపోతే కూర్చోబెట్టకూడదూ! అక్కడ ఒక టీకొట్టు పెట్టండి."

ప్రదీప్‌కు ఆ మాట తోచనే లేదు. దారి చీలే చోట ఒక తాటాకు పందిరి వేశాడు. ఒక బల్ల వేశాడు.

ముందుగదిలో టీవీ చూస్తున్న కృష్ణయ్య అటునుంచి కేకేశాడు. "టీ ఏందమ్మా, ఆ ఎండలో? రెంటచింతల ఎండ తెలవదా నీకు? సోడా ఇప్పించమను అల్లుడుగార్ని."

ప్రదీప్ గోలీ సోడా కొట్టించాడు. కోటయ్య సంచి దించి పక్కన పెట్టుకుని, బల్ల మీద కాళ్ళు చాపుకుని, తొందరేమీ లేనివాడిలా తాగడం మొదలుపెట్టాడు.